నీళ్లు బాగా పోతున్నప్పుడే తూము సంగతి చూడాలి

(ఇళ్లలో మురుగు పైపుల శుభ్రత మీద చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

సింకుల మీదా తూముల మీదా ప్రసంగమేమిటని నవ్వుకుంటూ వచ్చినవాళ్లు మీలో కొందరు ఉండే ఉంటారు. నవ్వుకోండి, తప్పులేదు. తూము సవ్యంగా ఉన్నంతకాలం దాని ఊసు ఎవరికీ పట్టదు. ఓ రాత్రి అంట్లన్నీ సింకులో ఉండగా నీళ్లు కిందికి దిగడం మానేస్తాయి. అక్కడ మొదలవుతుంది హడావిడి. ఒకరు కర్ర పెట్టి పొడుస్తారు, ఇంకొకరు యాసిడ్ తెమ్మంటారు, మూడోవారు ఫోన్లో వీడియో వెతుకుతుంటారు. (నవ్వులు)

ఆ రాత్రి గురించి ఇవాళ నేను పెద్దగా మాట్లాడను. దానికి ముందున్న నెలల గురించి మాట్లాడతాను. పైపు ఒక్క రాత్రిలో మూసుకుపోదండీ. పొర మీద పొర పేరుకుని 40 మిల్లీమీటర్ల పైపు కాస్తా 30 అవుతుంది, తర్వాత 20 అవుతుంది. అప్పటికీ నీళ్లు పోతూనే ఉంటాయి కాబట్టి మనకు తెలియదు. ఓ రోజు చిన్న తొక్క ఒకటి అడ్డం పడగానే మొత్తం ఆగిపోతుంది. పాపం, నిందంతా ఆ తొక్క మీద పడుతుంది.

ముందు ఆ పైపు ఎలా ఉంటుందో చూద్దాం. ఇంటికెళ్లాక సింకు కింద తలుపు తీసి ఒకసారి వంగి చూడండి. పైపు తిన్నగా గోడలోకి పోదు. కిందికి దిగి, ఓ వంపు తిరిగి, మళ్లీ కాస్త పైకి లేచి అప్పుడు గోడలోకి వెళ్తుంది. వాష్ బేసిన్ కింద అయితే చాలాచోట్ల గుండ్రటి బుడ్డి ఒకటి వేలాడుతుంటుంది, అది బాటిల్ ట్రాప్. బాత్రూం నేలలో జాలీ కింద ఉండేది ఫ్లోర్ ట్రాప్. ప్లంబర్లు నహానీ ట్రాప్ అంటుంటారు. ఆకారాలు వేరైనా అన్నింటి పనీ ఒకటే, కొన్ని నీళ్లను ఎప్పుడూ తమలో నిలిపి ఉంచడం. మామూలుగా ఆ నీళ్ల లోతు 50 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాలు. మురుగు కాలువలోని గాలి మన ఇంట్లోకి రాకుండా ఆపుతున్నది ఆ రెండంగుళాల నీళ్లే. ఆ గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, కుళ్లిన గుడ్ల కంపు కొడుతుందే, అదే.

ఈ వంపుకి పెద్ద చరిత్రే ఉంది. లండన్‌లో గడియారాలు చేసే అలెగ్జాండర్ కమింగ్ అనే ఆయన 1775లో, ఇలాంటి వంపు పెట్టిన మరుగుదొడ్డికి పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు ఇంట్లో మరుగుదొడ్డి అంటే ఇంట్లో కంపు అనే లెక్క. రెండున్నర శతాబ్దాలు దాటినా అదే సూత్రం మీద బతుకుతున్నాం. అంతకంటే మంచిది, అంతకంటే చవకైనది ఇంకా ఎవరికీ దొరకలేదు.

అయితే గాలిని ఆపే వంపు చెత్తనూ ఆపుతుంది. వంపు దగ్గర నీళ్ల వేగం తగ్గుతుంది, బరువున్నదేదైనా అక్కడ కూర్చుంటుంది. ఈ వేగం సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. మురుగు పైపు తనను తాను కడుక్కోవాలంటే అందులో నీళ్లు సెకనుకు 0.6 మీటర్ల వేగంతోనైనా పోవాలని ఇంజనీర్లు లెక్క వేసుకుంటారు. అందుకే అడ్డంగా పోయే చిన్న పైపులకు మీటరు పొడవుకు రెండు, రెండున్నర సెంటీమీటర్ల చొప్పున వాలు ఇస్తారు. కానీ మనం కుళాయి సన్నగా తిప్పుకుని ఒక్కో గిన్నే కడుగుతాం. నీళ్లు పొదుపు చేస్తున్నాం, మంచిదే. ఆ సన్నటి ధార మాత్రం పైపు అడుగున పాకుతూ పోతుంది. జిడ్డునూ నలుసులనూ మోసుకుపోయే బలం దానికి ఉండదు, దారిలో దించేసి పోతుంది.

దీనికి విరుగుడు మీ దగ్గరే ఉంది. రోజూ రాత్రి పని అయిపోయాక సింకుకి మూత పెట్టండి. గోరువెచ్చటి కంటే కాస్త ఎక్కువ వేడి నీళ్లు సగానికి పైగా నింపి, అంట్లు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి, ఒక్కసారిగా మూత లాగేయండి. మూత లేని సింకైతే బకెట్‌తో నీళ్లు తెచ్చి ఒక్క ఊపులో పోయండి. నీళ్లన్నీ కలిసి పైపు నిండుగా వెళ్తాయి. రోజంతా సన్నటి ధార దించిపోయిన సరుకునంతా అవి తోసుకుపోతాయి. ఇంతకు మించిన రోజువారీ శుభ్రత నాకు తెలిసి లేదు. పట్టే సమయం రెండు నిమిషాలు.

సలసల కాగే నీళ్లు పోయొచ్చా అని అడుగుతుంటారు. ప్లాస్టిక్ పైపులున్న ఇంట్లో వద్దు. పీవీసీ పైపు 60 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది, 80 దగ్గరకు వచ్చేసరికి మెత్తబడుతుంది. జాయింట్లు వదులవుతాయి, పైపు కుంగుతుంది. కుంగినచోట మళ్లీ నీళ్లు నిలుస్తాయి, అక్కడే మళ్లీ జిడ్డు. పింగాణీ బేసిన్‌లో కాగే నీళ్లు పోస్తే అది ఫటుక్కున చిట్లినా చిట్లుతుంది.

ఇక జిడ్డు. వంటింటి పైపుకి మొదటి శత్రువు ఇదే, కాబట్టి కాసేపు దీని దగ్గర ఆగుదాం. వేడి నీళ్లతో నూనె గిన్నె కడిగితే జిడ్డు కరిగి పోయినట్టే కనిపిస్తుంది. నిజానికి పోలేదు, మన కంటి ముందు నుంచి పోయిందంతే. రెండు మూడు మీటర్లు వెళ్లేసరికి నీళ్లు చల్లబడతాయి, జిడ్డు గడ్డకట్టి పైపు గోడకు అంటుకుంటుంది. ఆ తర్వాత అసలు కథ మొదలవుతుంది. నూనెలోంచి విడిపోయిన కొవ్వు ఆమ్లాలు నీళ్లలోని కాల్షియంతో కలిసి ఒక రకం సబ్బుగా మారతాయి. సబ్బే కానీ నీళ్లలో కరగని సబ్బు. కొవ్వొత్తి మైనంలా తెల్లగా, గట్టిగా ఉంటుంది. ఉప్పు నీళ్లు వచ్చే ఇళ్లలో ఇది ఇంకా తొందరగా పేరుకుంటుంది. ఒకసారి గట్టిపడిందంటే వేడి నీళ్లకి లొంగదు, గీకాల్సిందే.

2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ ప్రాంతం కింద మురుగు కాలువలో ఇలాంటి ముద్ద ఒకటి బయటపడింది. పొడవు 250 మీటర్లు, బరువు 130 టన్నులు. జిడ్డు, తడి వైప్స్, ఇంకా చెప్పలేనివి ఎన్నో కలిసి గట్టిపడిన ముద్ద. దాన్ని పగలగొట్టి తీయడానికి కార్మికులు వారాల తరబడి కష్టపడ్డారు. తర్వాత అందులో ఓ ముక్కను లండన్ మ్యూజియంలో పెట్టారు కూడా, జనం వెళ్లి చూశారు. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ అందులో ప్రతి చుక్కా ఎవరో ఒకరి సింకులోంచి వెళ్లిందే.

కాబట్టి గిన్నెను కడగక ముందు తుడవండి. పాత కాగితం ముక్కతో జిడ్డంతా తుడిచి చెత్తబుట్టలో వేయండి, తర్వాత తోమండి. తోమడం సులువవుతుంది, సబ్బూ తక్కువ పడుతుంది. వేయించగా మిగిలిన నూనెను చల్లారనిచ్చి ఖాళీ డబ్బాలో పోసి మూత బిగించి పారేయండి. కాఫీ పొడి, టీ పొడి సింకులో పోయొద్దు. అవి కరగవు, జిడ్డులో కూరుకుని దాన్ని మరింత గట్టిపరుస్తాయి. పిండి కలిపిన గిన్నెను కూడా ముందు గరిటెతో గీకి తీసేయండి. పిండి నీళ్లలో నాని ఉబ్బుతుంది, ఆ ఉబ్బేది పైపులో ఉబ్బుతుంది.

సింకు జాలీ అందరిళ్లలోనూ ఉంటుంది. చాలామంది దానిలో చెత్త నిండగానే అక్కడికక్కడే ఎత్తి దులుపుతారు. సగం చెత్త అదే తూములోకి పోతుంది! చెత్తబుట్ట దగ్గరకు తీసుకెళ్లి బోర్లించాలి. జాలీ తీసినప్పుడు ఇంకో పని చేయండి. తూము అంచు లోపలి వైపు చూపుడు వేలు పెట్టి ఒకసారి చుట్టూ తిప్పండి. పైనుంచి స్టీలు తళతళా మెరుస్తుంటుంది. అంచు కింద మాత్రం వేలికి జారుడుగా, నల్లగా, బంకగా ఒక పొర తగులుతుంది. సింకు దగ్గర ఎప్పుడూ ఏదో వాసన వస్తోందని అంటుంటామే, చాలాసార్లు అది వచ్చేది ఆ పొర నుంచే. పాత టూత్ బ్రష్ ఒకటి దీనికోసమే కేటాయించండి. వారానికోసారి ఆ అంచు, జాలీ అడుగు, వాష్ బేసిన్‌లో పైన ఉండే చిన్న ఓవర్‌ఫ్లో రంధ్రం, ఈ మూడూ రుద్దండి. ఓవర్‌ఫ్లో రంధ్రాన్ని ఎవరూ కడగరు, అందుకే చెబుతున్నాను.

బాత్రూంలో శత్రువు మారుతుంది. అక్కడ వెంట్రుకలు. వెంట్రుక నీళ్లలో కరగదు, కుళ్లిపోవడానికి చాలా కాలం పడుతుంది. జాలీ కింద అడ్డకమ్మీకి ఒకటి చుట్టుకుంటే దానికి ఇంకో పది చుట్టుకుంటాయి, పైన సబ్బు మడ్డి చేరి అంతా ఒక గుదిబండ అవుతుంది. వారానికోసారి జాలీ ఎత్తి చేత్తో తీసేయండి, గ్లవ్స్ వేసుకోండి. లోపలికి జారినవాటికి అంచుల్లో ముళ్లున్న సన్నటి ప్లాస్టిక్ పట్టీలు దొరుకుతాయి. లోపలికి దించి, కొంచెం తిప్పి, నెమ్మదిగా లాగాలి. గబుక్కున లాగితే సగం తెగి లోపలే ఉండిపోతుంది. బయటికొచ్చేది చూడ్డానికి బాగోదు, ముందే చెప్తున్నా.

కొన్ని ఫ్లోర్ ట్రాపుల్లో జాలీ కింద బోర్లించిన గిన్నె ఒకటి ఉంటుంది. నీళ్లు నెమ్మదిగా పోతున్నాయని ఆ గిన్నె తీసి పక్కన పడేసే వాళ్లున్నారు. నీళ్లు వేగంగానే పోతాయి, నిజమే. నీళ్ల అడ్డు పోయి, కాలువలోని గాలి మాత్రం తిన్నగా బాత్రూంలోకి వస్తుంది. కొన్నాళ్లకి బొద్దింకలూ వస్తాయి. గిన్నె తీయండి, కడగండి, తిరిగి పెట్టండి.

బాత్రూం గోడల మీద చిన్న చిన్న పురుగులు, రెక్కల మీద నూగుతో, బుల్లి సీతాకోకచిలుకల్లా కూర్చుని ఉంటాయి, చూసే ఉంటారు. అవి తూములోని బంక పొరలోనే గుడ్లు పెడతాయి. స్ప్రే కొడితే గోడ మీదున్నవి చస్తాయి, లోపల ఉన్నవి మళ్లీ వస్తాయి. ఏ తూములోంచి వస్తున్నాయో తెలియాలంటే రాత్రి తూము మీద టేపు జిగురు వైపు కిందికి ఉండేలా, కొంత ఖాళీ వదిలి అంటించండి. పొద్దున్న ఏ టేపుకి పురుగులు అంటుకున్నాయో ఆ తూమును పొడవాటి బ్రష్‌తో రుద్దండి. పొర పోతే పురుగూ పోతుంది.

మరుగుదొడ్డి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అందులోకి పోవాల్సినవి పోవాలి. తడి వైప్స్, దూది, ప్యాడ్లు వేయకూడదు. ప్యాకెట్ మీద ఫ్లష్ చేయొచ్చని రాసి ఉన్నా సరే, వైప్స్ వద్దు. టాయిలెట్ కాగితం నీళ్లలో విచ్చిపోతుంది, వైప్స్ అంత తొందరగా విచ్చుకోవు.

ఇప్పుడు వంటసోడా, వెనిగర్. ఇంటర్నెట్‌లో అందరికీ ఇష్టమైన వైద్యం. తూములో సోడా వేసి వెనిగర్ పోస్తే బుస్సున పొంగుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. జరిగేదేమిటంటే క్షారమూ ఆమ్లమూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది, మిగిలేది సోడియం అసిటేట్ కలిసిన నీళ్లు. గట్టిపడిన జిడ్డును అవి ఏం చేయగలవు? హాని లేదు, కాస్త వాసన తగ్గొచ్చు. అయితే మీరు ఆ తర్వాత పోసే బకెట్ వేడినీళ్లే అసలు పని చేస్తాయి, పేరు సోడాకి పోతుంది.

బజారులో దొరికే డ్రెయిన్ క్లీనర్ల సంగతి వేరు. అవి నిజంగా పనిచేస్తాయి, అదే భయం కూడా. చాలావాటిలో ఉండేది కాస్టిక్ సోడా, కొన్నింటిలో అల్యూమినియం రేణువులు కలుపుతారు. నీళ్లు తగలగానే విపరీతంగా వేడెక్కి జిడ్డును నీళ్లలో కరిగే సబ్బుగా మారుస్తాయి, వెంట్రుకలనూ తినేస్తాయి. పైపు పూర్తిగా మూసుకుపోయి ఉంటే మాత్రం ఆ ద్రవం ఎక్కడికీ పోదు. సింకు నిండా కాస్టిక్ నీళ్లు నిలబడి ఉంటాయి. ఆ తర్వాత వచ్చిన ప్లంబర్ కింద కూర్చుని ట్రాప్ విప్పుతాడు, అదంతా అతని చేతుల మీదా ముఖం మీదా పడుతుంది. దయచేసి, ఏదైనా పోసి ఉంటే అతను పాన చేతిలోకి తీసుకోకముందే చెప్పండి. పోశాక ప్లంజర్, అంటే తూము మీద పెట్టి నొక్కే రబ్బరు గిన్నె, అది కూడా వాడొద్దు, కళ్లలోకి చిమ్ముతుంది. కంట్లోనో ఒంటి మీదో పడితే పారే నీళ్ల కింద కనీసం 20 నిమిషాలు కడుగుతూనే ఉండి, డాక్టర్ దగ్గరకు పరుగెత్తాలి.

ఒకటి పని చేయలేదని దాని మీద ఇంకొకటి పోయడం అంతకంటే ప్రమాదం. కాస్టిక్ మీద యాసిడ్ పోస్తే ఉడికి పైకి ఎగజిమ్ముతుంది. బ్లీచ్ మీద యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర సైనికుల మీదకు వదిలింది ఆ వాయువునే. తలుపు వేసి ఉన్న బాత్రూంలో దాన్ని తయారు చేసుకోవడం ఎందుకు చెప్పండి? నెలనెలా శుభ్రత కోసమైతే ఈ సీసాల అవసరమే లేదు. ఏదో ఒకటి పోయనిదే తృప్తిగా ఉండదంటే ఎంజైములు, సూక్ష్మజీవులు ఉండే రకం తెచ్చుకోండి. రాత్రి పోసి పొద్దుటిదాకా నీళ్లు వదలకూడదు. నెమ్మదిగా జిడ్డును తింటాయి. ముందు బ్లీచ్ పోసి తర్వాత వీటిని పోస్తే అవి చస్తాయి, మీ డబ్బూ దండగ.

ఇంతా చెప్పాక, లోపల పేరుకుంటోందో లేదో తెలిసేదెలా? నా సలహా, గడియారం పెట్టి చూడండి. తూము బాగా ఉన్న రోజున సింకును ఒక గుర్తు దాకా నింపి, మూత లాగి, నీళ్లన్నీ పోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి. ఆ అంకెను సింకు కింద తలుపు లోపలి వైపు పెన్సిల్‌తో రాసి పెట్టండి. నెలకోసారి అదే గుర్తు దాకా నింపి మళ్లీ చూడండి. పదిహేను సెకన్లు పట్టేది ఇరవై ఐదు పడుతోందంటే నీళ్లు పోతున్నట్టే ఉన్నా పైపు సన్నబడుతోందన్నమాట. ట్రాప్ విప్పి కడగాల్సిన సమయం అదే. చేతులతోనే విప్పొచ్చు. కింద బకెట్ పెట్టండి, నట్లు వదులు చేయండి, వాషర్ ఏ వైపు తిరిగి ఉందో ఫోన్‌లో ఫోటో తీసుకోండి. అది తిరగబడితే నీళ్లు కారతాయి. కడిగి మళ్లీ బిగించేటప్పుడు చేత్తో బిగిస్తే చాలు, పానతో బలం చూపిస్తే ప్లాస్టిక్ నట్టు పగులుతుంది.

సరే, నేను ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.

— మా సింకు నీళ్లు బాగానే పోతాయండీ, అంచు కూడా రుద్దుతాను. అయినా వాసన వస్తోంది.

సింకు కింద ఉన్నది ముడతలు ముడతలుగా, ఎటు కావాలంటే అటు వంగే పైపా? ఆ, అదే. ఆ ప్రతి ముడతలోనూ జిడ్డు కూర్చుంటుంది, బ్రష్ అందదు. పైగా చాలామంది దాన్ని తిన్నగా లాగి గోడలోకి దూర్చేస్తారు, వంపు ఉండదు, నీళ్లు నిలవవు. నున్నటి పైపు, సరైన ట్రాప్ పెట్టించండి. ఆ పైపు గోడలోకి పోయేచోట చుట్టూ సందు ఉంటే అదీ మూయించండి, వాసన అక్కడినుంచి కూడా వస్తుంది.

— మేం వాడని బాత్రూం ఒకటుంది. తలుపు తీస్తే కంపు.

ట్రాప్‌లో నీళ్లు ఆవిరైపోయాయి. రెండు వారాలకోసారి ప్రతి తూములోనూ మగ్గుడు నీళ్లు పోయండి, బేసిన్ కూడా మర్చిపోకండి. ఊరెళ్లేటప్పుడైతే నీళ్లు పోశాక పైన రెండు చెంచాల నూనె వేయండి, ఆవిరి కావడం ఆలస్యమవుతుంది. ఇప్పటిదాకా నూనె పోయొద్దని చెప్పి ఇదేమిటంటారా? (నవ్వులు) రెండు చెంచాలేలెండి.

— సింకులో నీళ్లు వదిలితే బాత్రూం తూములోంచి గుడగుడమని పైకి వస్తున్నాయి. ప్లంజర్ కొట్టాలా?

కొట్టకండి. ఒక తూము ఆగితే అడ్డు ఆ తూములో ఉన్నట్టు. రెండు మూడు ఒకేసారి తిరగబడుతున్నాయంటే అడ్డు వాటన్నింటికీ ఉమ్మడిగా ఉన్న పైపులో ఉంది. ముందు ఇంట్లో కుళాయిలన్నీ కట్టేయండి, వాషింగ్ మెషిన్ నడుస్తుంటే ఆపండి. తర్వాత బయట చాంబర్, అంటే ఇంటి మురుగు పైపులన్నీ వచ్చి కలిసే గుంట, దాని మూత తెరిపించండి. చాంబర్ నిండి ఉంటే అడ్డు అవతల కాలువ వైపు ఉంది, ఖాళీగా ఉంటే ఇంటికీ చాంబర్‌కీ మధ్య ఉంది. ప్లంబర్‌కి ఫోన్‌లో ఈ ఒక్క ముక్క చెబితే పైపులోకి తోసి అడ్డు తీసే స్ప్రింగ్ ఎంత పొడవుది తెచ్చుకోవాలో అతనికి తెలుస్తుంది. మూత తీశాక మాత్రం వంగి తల లోపలికి పెట్టొద్దు, ఎవర్నీ దిగనివ్వొద్దు. ఇందాక చెప్పిన హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువ మోతాదులో ఉంటే ముక్కు మొద్దుబారిపోతుంది, కంపు తగ్గిందనుకుంటాం, విషవాయువు మాత్రం అక్కడే ఉంటుంది. నిలబడే, టార్చి వేసి, నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూసి మూత పెట్టేయండి.